నీళ్ళు కారాయా అని రెండుసార్లు అడిగే కాటా

నేను రాసిన ప్రోగ్రామ్‌ను నేనే దొంగిలించానని ఏలూరు కంపెనీ ఒకటి నా మీద దావా వేసింది.

అందులో నేను రెండో ప్రతివాదిని. మొదటి ప్రతివాది తాడేపల్లిగూడెం కంపెనీ. రెండూ మూడేసి గదుల్లో నడిచేవే. కొల్లేరు చుట్టుపక్కల లారీ కాటాల దగ్గర ఇంకా బతికున్న పాత డాస్ కంప్యూటర్లను బాగుచేసి పెట్టడం ఇద్దరి వ్యాపారమూను. కరెంటు పోయి వచ్చినా ఆ పెట్టెలు క్షణాల్లో మళ్ళీ లేస్తాయి కనుక కాటాల వాళ్ళు వాటిని వదలరు. వాటిలో నడిచే తూకం ప్రోగ్రామ్ మాదంటే మాదని ఇద్దరూ కోర్టుకెక్కారు.

అది రాసింది నేను. ఎనిమిదో తరగతితో బడి మానేసి, చేపల లారీల కాటా మీద పనిచేస్తూ, మిషన్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి మరీ రాశాను. అడిగిన ప్రతి కాటాకీ నా చేత్తో ఎక్కించి ఇచ్చాను. కాగితం రాయించుకోవాలని తోచలేదు. ఆ మిషన్లు అమ్మిన కొట్టును తర్వాత ఏలూరు వాళ్ళు కొన్నారు. కొట్టుతో పాటే ప్రోగ్రామూ వచ్చిందంటారు. గూడెం వాళ్ళు ఓ పాత కాటాలోంచి కాపీ తీసుకుని, మా ఇంజనీర్లే రాశారంటారు. రిపేర్లకు వాళ్ళు పిలిస్తే వెళ్ళిన పాపానికి నేను దొంగనయ్యాను.

దావా కాగితంలో ఇలా ఉంది: తూకం తీసే ముందు ‘నీళ్ళు కారాయా’ అన్న ప్రశ్న పొరపాటున రెండుసార్లు వస్తుంది, అదే పొరపాటు ప్రతివాదుల కాపీలోనూ ఉంది, కాబట్టి ఇది దొంగతనమే.

పొరపాటట. ఐసు వేసిన చేపల ట్రేల్లోంచి నీళ్ళు కారిపోయాకే లారీ కాటా ఎక్కాలి. లేకపోతే చేపతో పాటు నీళ్ళనూ తూచినట్టే. కానీ మా వైపు మనిషిని ఏదైనా అయిందా అని అడిగితే, మొదటిసారి “ఆఁ, అయిందండీ” అనే అంటాడు. కాలేదని చెప్పి ఎదుటివాడిని నొప్పించడం అతనికి చేతకాదు. రెండోసారి అడిగితేనే లారీ కిందికి వంగి చూస్తాడు. అందుకే మొదటి జవాబును నమ్మకుండా, కాసేపాగి మళ్ళీ అడిగేలా పెట్టాను.

నోటీసు పట్టుకుని ఏలూరు వెళ్ళాను.

“కూర్చోండి బాబాయిగారూ, కాఫీ తాగుతారా?” అన్నాడు యజమాని.

“దొంగకి కాఫీ ఎందుకండీ? ఆ ప్రశ్న రెండుసార్లు ఎందుకొస్తుందో చెప్పండి. చెబితే ప్రోగ్రామ్ మీదే.”

“అది బగ్గండీ.”

“మరి ఇన్నేళ్ళూ తీసెయ్యలేదేమండీ?”

“తీసేస్తే కాటాల వాళ్ళు ఊరుకోవట్లేదండీ.”

“ఎందుకో అడిగారా?”

అడగలేదు. లాయరుతో మాట్లాడుకోమని లేచిపోయాడు.

గూడెం యజమాని ఇంకో మెట్టు పైన. “మా ఇంజనీర్ల దగ్గర నేర్చుకున్నానని ఒక్క ముక్క రాసివ్వండి. మీ లాయరు ఖర్చు మేం పెట్టుకుంటాం.”

“మీ ఇంజనీర్లు పుట్టకముందు నుంచీ అది తూకం వేస్తోందండీ.”

“అందుకే కదండీ రాసిమ్మంటున్నాం.”

ఇద్దరికీ రిజిస్టరు పోస్టులో ఉత్తరాలు రాశాను, మూడేసిసార్లు. ప్రోగ్రామ్ ఆ ప్రశ్నను రెండోసారి ఎందుకు అడుగుతుందో వివరంగా చెప్పాను. అడిగింది ఒక్కటే: ఇది నేను రాశానని ఒక వాక్యం. చివరికి రెండు కంపెనీల సంతకాలతో జవాబు వచ్చింది:

“అయ్యా, మీ ఉత్తరాలు అందినవి. మా రెండు కంపెనీలు రాజీపడినందున దావా ఉపసంహరించుకున్నాము. కావున ప్రోగ్రామ్ ఎవరు రాశారన్న విషయం ఇక చర్చనీయం కాదు. ఇకమీదట కాటాల్లోని కంప్యూటర్లను మీరు ముట్టుకోరాదని మనవి. రెండు ప్రశ్నల గురించి మీరిచ్చిన వివరణ చాలా బాగున్నది. దానిని మా కస్టమర్లకిచ్చే పుస్తకంలో చేర్చుకున్నాము.”