ఎర్రగీత వెంట వచ్చిన గొర్రెలు

మక్తల్ దిక్కున ఒక సర్కారు దవాఖాన వరండాలోకి గొర్రెలు వచ్చిన రోజు, ఆ నింద సిస్టర్ రేణుకమ్మ మీద పడింది. తన పిల్లలు చదువుకునే ఊరికి ఆమె అడిగిన బదిలీ ఆగిపోయింది. ఆ గొర్రెలను రప్పించింది నేనని అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, నవ్వేవాళ్లు నవ్వండి.

నా కొలువు జిల్లా ఆఫీసులో. అప్పుడే ప్రాసెస్ మైనింగ్ నేర్చుకుని, కొత్త సైకిల్ దొరికిన పిల్లాడిలా బెల్లు కొడుతూ తిరుగుతున్నాను. రోగి ఓపీ చిట్టి రాయించుకున్న వేళ, డాక్టర్ చూసిన వేళ, మందులు తీసుకున్న వేళ కంప్యూటర్‌లో ఉంటాయి. వాటిని కలిపితే రోగి నడిచిన దారి బొమ్మగా వస్తుంది. ఆలస్యమైన చోట గీత ఎర్రబడుతుంది.

రేణుకమ్మ దవాఖానలో చిట్టికీ డాక్టర్‌కూ మధ్య గీత, సంత రోజుల్లో పండు మిరపకాయలా ఉంది. మీటింగులో అందరి ముందే అడిగాను.

"పొద్దున చిట్టి రాసి మధ్యాహ్నం దాక కూసోబెడ్తరా సిస్టర్?"

"సంత దినం గట్లనే ఉంటది సార్. వాళ్లు..."

"కారణాలొద్దు. చిట్టి తీసుకున్నోళ్లు గేటు దాటొద్దు. దాటితే చిట్టి చెల్లదు."

తర్వాతి సంత రోజు నా ఘనత చూసుకుందామని వెళ్లాను. వరండా నిండా గొర్రెలు! ఒకటి టీకాల పోస్టరు నములుతోంది. కాపరి మల్లయ్య ఒక చేత్తో చిట్టి, ఒక చేత్తో పొట్టేలు కొమ్ము పట్టుకుని నిలబడ్డాడు.

"గివేంది పెద్దయ్యా?"

"మరేం జేయాలె సారూ? ముందుగాలైతే చిట్టి రాయించుకొని, సంతల జీవాలను అమ్ముకొని, మల్లొచ్చి సూయించుకునేటోన్ని. గిప్పుడు గేటు దాటొద్దంటిరి. జీవాలను ఎవలకు అప్పజెప్పాలె?"

పక్కనున్న ముసలమ్మ అందుకుంది: "గా పొట్టేలుకు గూడ బీపీ సూడుండ్రి, మస్తు ఎగురుతాంది!"

నేను ఆలస్యమనుకున్నది మల్లయ్య బేరం చేసుకునే సమయం. కంప్యూటర్‌కు చిట్టి తెలుసు, సంత తెలియదు. నాకైనా తెలియాలి కదా!

సరిగ్గా అప్పుడే మా జిల్లా ఆఫీసు పెద్దసారు తనిఖీకి దిగాడు.

"సిస్టర్, ఇది దవాఖాననా, గొర్ల దొడ్డా?"

రేణుకమ్మ నావైపు చూసింది. నేను ల్యాప్‌టాప్‌లో తల దూర్చాను. మెమో ఆమెకు వచ్చింది, దాంతో ఆమె బదిలీ కాగితం ఆగింది.

చాలా రోజులు పెద్దసారు గది గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాను. చివరికి పెద్దసారుకు ఉన్నది చెప్పాను. మెమో రద్దయింది, నా గేటు రూలు పోయింది, సంత రోజున మధ్యాహ్నం ఓపీ కూడా మొదలైంది. బదిలీల గడువు మాత్రం అప్పటికే దాటిపోయింది.

ఇకమీదట ఎర్రగీత కనబడితే, ఆ దారిన నడిచిన మనిషితో చాయ్ తాగాకే నోరు తెరుస్తానని నా ల్యాప్‌టాప్ మీద ఒట్టేశాను. దానికంటే కష్టమైన పని ఇంకొకటి మిగిలింది. తర్వాతి మీటింగులో, ఆమె మాటను తుంచేసిన ఆ గదిలోనే, అందరి ముందు లేచి నిలబడ్డాను.

"సిస్టర్, మిమ్మల్ని చెప్పనియ్యకపోవుడు నా తప్పు. తెలిసినంక నోరు మూసుకునుడు ఇంకా పెద్ద తప్పు. మాఫ్ చేయుండ్రి."