చెరువు ఎర్రబడిన ఏడు మా ఊరికి వచ్చిన మేడమ్

మేడమ్ పోయారన్న కబురు వచ్చేటప్పటికి నేను వింజమూరు నుంచి ఆత్మకూరు వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. ఫోన్ చేసిన స్నేహితురాలు రెండు మాటలు చెప్పింది. మూడో మాటకు ఏడుపు అడ్డం వచ్చింది. బస్సు అప్పుడే ఒక చెరువు కట్ట పక్కగా వెళ్తోంది. నమ్మాలో వద్దో తెలియని ఆ నిమిషంలోనూ నా కళ్లు వాటంతట అవే చెరువులోకి వెళ్లాయి. కొంగలు ఎక్కడ నిలబడ్డాయి? నీళ్లు ఏ రంగులో ఉన్నాయి? జమ్ము గడ్డి ఒడ్డు నుంచి ఎంత లోపలికి పాకింది? చూసిన తర్వాత గానీ తెలియలేదు, అలా చూడటం నాకు మేడమ్ నేర్పిందేనని. ఆమె పోయారన్న కబురు చెవిలో ఉండగానే ఆమె చెప్పిన పని చేస్తూ దొరికిపోయాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఏంది మే, నవ్వతా ఏడస్తా ఉండావు?" అని పక్క సీటులో ఉన్న ముసలామె అడిగింది.

"మా మేడమ్, అవ్వా," అన్నాను. అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మేడమ్ డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. అది ఉద్యోగం. ఆమె ప్రాణం మాత్రం చెరువుల్లో, వాగుల్లో ఉండేది. ఉదయగిరి కొండ మీద నుంచి దిగే వాగులు మొదలుకొని ఆత్మకూరు చుట్టుపక్కల చెరువుల దాకా, ఏ నీళ్లలో ఏ ప్రాణి ఉంది, నిరుడు కనిపించింది ఈ ఏడు ఎందుకు కనిపించలేదు అని చూడటమే ఆమె పరిశోధన. రిటైరయ్యాక కూడా ఆదివారం వస్తే మమ్మల్ని వెంటబెట్టుకుని బయలుదేరేవారు. వల, సీసాలు, ఒక తెల్ల పళ్లెం, వంటింట్లోంచి తెచ్చిన టీ వడపోత. ఇంట్లో టీకి కొత్త వడపోత కొన్నప్పుడల్లా పాతది వాగుకు ప్రమోషన్ మీద వచ్చేదని చెప్పి ఆమే ముందు నవ్వేవారు.

వాగులో రాయి ఎత్తి దాని కడుపు వైపు చూసేవారు. మేం అక్కడే పడేయబోతే ఊరుకునేవారు కాదు. ఎత్తిన రాయిని ఎత్తిన చోటే, ఉన్న తీరుగానే పెట్టాలి. "ఒకరి ఇల్లు చూడబోయినాం. చూసినాక తలుపు వేసి రావొద్దా?" అనేవారు.

ఆ రాళ్ల కింద ఒక పురుగు ఉంటుంది. ఇసుక రేణువుల్ని ఒకదానికొకటి అతికించి, గొట్టంలాంటి ఇల్లు కట్టుకుని అందులో కాపురం ఉంటుంది. పుస్తకంలో దానికి నోరు తిరగని పేరుంది. మేడమ్ దాన్ని మేస్త్రీ అనేవారు. మేస్త్రీ దొరికిన రోజు వాగంతా ఆమె నవ్వే వినపడేది. "మేస్త్రీ ఉండాడంటే నీళ్లు బాగుండాయని అర్థం. మురికి నీళ్లలో ఆయన పని ఒప్పుకోడు!"

ఒకసారి వాగు నీళ్ల బకెట్‌తో బస్సెక్కాం. కండక్టరు బకెట్ వైపు అనుమానంగా చూశాడు.

"ఏందమ్మా అది, చేపలా? వాసనొస్తే జనం నన్ను తిడతారు."

"చేపలు కాదు నాయనా, దోమల పిల్లలు," అన్నారు మేడమ్ ఎంతో మర్యాదగా.

మా చుట్టూ ఉన్న సీట్లు ఖాళీ అయ్యాయి. ఆ రోజు ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా కాళ్లు చాపుకుని వచ్చాం.

మాటలంటే నాకు పిచ్చి పట్టించింది కూడా ఆమే. మా పాఠంలో నీళ్లలో పచ్చగా పెరిగేవాటన్నిటికీ కలిపి శైవలాలు అని ఒకటే మాట ఉండేది. మేడమ్ ఒప్పుకునేవారు కాదు. "మీ అవ్వను అడుగు, మూడు చెప్తాది. నీళ్లలో ఊగేది నాచు. నీళ్లమీద పరుచుకునేది పాచి. రాయి మీదుండి నిన్ను పడేసేది పాకుడు." మూడోది చెబుతూ ఆమే జారి వాగులో కూర్చుండిపోయారు. లేవకుండా, నడుం లోతు నీళ్లలోనే, పాఠం పూర్తిచేశారు. జీవితమంతా నీళ్ల మీద పనిచేసిన మనిషికి ఈత రాదని ఆ రోజే మాకు తెలిసింది. "అందుకే ఒడ్డున బతికేవాటి గురించే ఎక్కువ చదివినాను," అన్నారు.

ఆత్మకూరులో ఆమెను సాగనంపిన రోజు ప్రార్థన జరుగుతుండగా జనం వెనక మా ఊరి నీటి సంఘం పెద్దాయన కనిపించారు. కండువా చేతిలో పట్టుకుని, చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు. మా ఊరు దుత్తలూరు వైపు మెట్ట పల్లె, అక్కడి నుంచి రెండు బస్సులు మారి రావాలి. ఆయన అంత దూరం ఎందుకు వచ్చారో మా తోటి విద్యార్థులకు తెలియదు. నాకు తెలుసు. అది చెప్పకపోతే మేడమ్ గురించి నేను ఏమీ చెప్పనట్టే.

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక ఎండాకాలం మా చెరువు ఎర్రబడింది. నీళ్లు బాగా అడుగంటి ఉన్నాయి. పొద్దున్నే చూస్తే మామూలుగా ఆకుపచ్చగానే ఉండేవి. పొద్దెక్కేసరికి ఇటుక పొడి చల్లినట్టు పైనంతా ఎర్రటి తెట్టు. పశువులు మూతి పెట్టి వెనక్కి తీసుకునేవి. కొన్ని చేపలు తేలాయి. ఊరు ఒక లెక్క వేసుకుంది: పొద్దున లేనిది పొద్దెక్కాక వస్తోందంటే, ఆ మధ్యలో ఎవరో ఏదో కలుపుతున్నారు. ఆ వేళకు రోజూ చెరువు దగ్గరికి వచ్చేది మా నాయన. చెరువుకు ఎగువన మాకు బత్తాయి తోట ఉంది. మందు కలపడానికి నీళ్ల కోసం డ్రమ్ము తీసుకుని ఆయన దిగేవాడు. పైగా విత్తనాలకు పట్టించే ఎర్రమందు మా ఇంట్లో ఉందని ఊరందరికీ తెలుసు. ఇంకేం కావాలి?

కట్ట మీద పంచాయితీ పెట్టారు. చేసింది ఒప్పుకునేదాకా చెరువు కింద ఉన్న మా మడికి నీళ్లు వదిలేది లేదన్నారు. వానలు పడి చెరువు నిండినా సరే. మా ఇంటికి ఏడాది తిండిగింజలు ఆ మడిలోవే.

"ఒప్పుకుంటే పోలా? నీళ్లన్నా వస్తాయి," అంది మా అవ్వ, నాయన తల్లి.

"చెయ్యని పని చేసినానని యాడ ఒప్పుకునేది, మా?" అన్నాడు నాయన. ఆ తర్వాత ఆయన టీ అంగడికి వెళ్లడం మానేశాడు. చెరువుకు వెళ్లడం మాత్రం మానలేదు. మానితే ఒప్పుకున్నట్టే అవుతుందని.

మేడమ్‌ను పిలిపించింది మేం కాదు. చేపల కోసం చెరువును వేలం పాటలో పాడుకున్న చేపలాయన. ఆత్మకూరు చేపల అంగట్లో ఆమె వచ్చి ఏ చేప ఏ చెరువుదని అడుగుతూ ఉండేవారట, అలా తెలుసు. నీళ్లలో మందు ఉందని చదువుకున్న మనిషి నోట చెప్పిస్తే మా నాయన పని అయిపోతుందని ఆయన ఆలోచన.

మేడమ్ పొద్దెక్కాక బస్సు దిగారు. చెరువు అప్పటికే ఎర్రగా మండుతోంది. కట్ట మీద జనం. చేపలాయన ముందుకొచ్చి, "అదిగో మేడమ్, ఆయనే," అని నాయనను చూపించాడు.

"ఎవురో నాకొద్దు. ఏందో చూద్దాం ముందు," అన్నారు మేడమ్. చీర కుచ్చెళ్లు ఎగ్గట్టి, ఒడ్డున వంగి, ఒక సీసాలో నీళ్లు పట్టి, సూర్యుడికి ఎదురుగా ఎత్తి చూశారు. ఆమె ముఖంలోకి నవ్వు రావడం నేను చూశాను. తప్పిపోయిన చుట్టం కనపడ్డట్టు ఉంది ఆ నవ్వు.

"ఒక దుప్పటి కావాలి. నాలుగు కర్రలు కావాలి."

అవ్వ ఇంటికి పోయి మందపాటి దుప్పటి తెచ్చింది. నాయన నీళ్లలోకి దిగి కర్రలు నాటాడు. తెట్టు మీద నీడ పడేట్టు దుప్పటిని పందిరిలా కట్టారు.

"చెరువుకు దుప్పటి కప్పేది ఈ పొద్దే చూస్తన్నా," అన్నారు పెద్దాయన. "చలి పుట్టిందా ఏంది దానికి?"

అందరూ నవ్వారు. మేడమ్ ఇంకా గట్టిగా నవ్వారు.

"ఎండ తగిలింది పెద్దాయనా. కొంచేపు నీడన పండుకోనీండి."

ఆ కొంచెంసేపూ ఆమె కట్ట మీద కూర్చుని అందరితో మాట్లాడారు. ఎవరెవరి పశువులు ఎక్కడ కడుగుతారు, మళ్లలో యూరియా ఎప్పుడు చల్లుతారు, చల్లిన నీళ్లు ఎటు పోతాయి. మజ్జిగ తాగారు. నాయన వైపు ఒక్కసారి కూడా ప్రత్యేకంగా చూడలేదు. తర్వాత లేచి, "రండి," అని దుప్పటి తీయించారు.

ఎర్రటి చెరువు మధ్య దుప్పటి పరిమాణంలో ఆకుపచ్చ ముక్క.

పెద్దాయన కట్ట మీద నుంచి వంగి చూసి, "నీడలో ఏ రంగైనా అట్టనే కనపడతాది లే," అన్నారు.

మేడమ్ వాదించలేదు. రెండు తెల్ల పళ్లేలు తీసి, ఒకదాన్లో దుప్పటి కిందున్న నీళ్లు, ఇంకోదాన్లో బయటి నీళ్లు ముంచి, ఒకే ఎండలో పక్కపక్కన పెట్టారు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. అప్పుడు తన సంచిలోంచి చిన్న మైక్రోస్కోపు తీసి, చుక్క నీళ్లు వేసి, అద్దం సూర్యుడి వైపు తిప్పి, పెద్దాయనను పిలిచారు. ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు.

"ఓరి నీ... ఇవి ఈదతా ఉండాయమ్మా!"

"మందు ఈదదు కదా పెద్దాయనా," అన్నారు మేడమ్.

తర్వాత అందరికీ చెప్పారు. ఇది కంటికి ఆనని ఒక చిన్న ప్రాణి. దాని ఒంట్లో ఆకుపచ్చా ఉంది, ఎరుపూ ఉంది. ఎండ ఎక్కువైతే ఎరుపును గొడుగులా తెరుచుకుంటుంది. నీడ పడితే ముడుచుకుంటుంది. "పొద్దెక్కేకొద్దీ చెరువు ఎర్రబడేది మనిషి వచ్చినందుకు కాదు, ఎండ వచ్చినందుకు." వానలు పడి నీళ్లు మారేదాకా పశువుల్ని తాపొద్దని, ఇవి ముదిరితే చేపలకూ చెడుపేనని చేపలాయనతో చెప్పారు. ఆయన నేల చూపులు చూశాడు.

"అయితే తప్పు ఎవురిదమ్మా?" అని అడిగారు పెద్దాయన. పంచాయితీ పెట్టిన మనిషికి ఒక పేరు కావాలి కదా.

మేడమ్ కట్ట దిగువ మళ్ల వైపు, పశువులు కడిగే రేవు వైపు, ఎగువ తోటల వైపు చూశారు. మా తోట కూడా అందులో ఉంది. "నీళ్లు తగ్గినాయి, పేడా ఎరువూ అందులోకే దిగినాయి. దానికి తిండి ఎక్కువై పెరిగింది. చెరువు ఒక్కరి పేరు చెప్పదు పెద్దాయనా. అందరిదీ కలిపి ఒకటే రంగులో చూపిస్తాది."

ఆ మధ్యాహ్నం ఆమె మా ఇంట్లో మజ్జిగన్నం, ఊరగాయ తిన్నారు. నాయన ఆమెకు రెండు చేతులూ జోడించాడు. "నేనేం చెయ్యలా నాయనా, చెరువు మాట చెరువే చెప్పుకున్నింది. నేను దుప్పటి అడిగినానంతే," అన్నారామె. తర్వాత నా వైపు తిరిగారు. "దుప్పటి తీసేటప్పుడు అందరూ నా మొహం చూస్తా ఉండారు, నువ్వు నీళ్లు చూస్తా ఉండావు. ఇంటరైనాక మా కాలేజీకి రా."

వెళ్లాను. మిగిలిందంతా మీరు పైన చదివారు.

కానీ నాయన కథ అక్కడితో పూర్తి కాలేదు. తప్పు లేదని తేలింది గానీ, మా మడికి నీళ్లు వదిలేది లేదన్న మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నాయన అడగలేదు. వానల కోసం ఊరంతా ఒక ఆశతో చూస్తే, మా ఇల్లు ఒక భయంతో కూడా చూసింది.

ఆ ఏడే కార్తీక మాసం వానలకు చెరువు నిండింది. మా ఊళ్లో తూము తీసే రోజున తొలి తడి ఎవరి మడికో పెద్దలు చెబుతారు. అది పెద్ద మర్యాద. ఆ రోజు పెద్దాయన తానే ఫోన్ చేసి మేడమ్‌ను పిలిచారు. కట్ట మీద కొబ్బరికాయ కొట్టి, జనం వైపు తిరిగి, "ఈ ఏడు తొలి తడి మన బత్తాయి తోటాయన మడికి," అన్నారు. ఇంకొక్క మాట అనలేదు. మా ఊళ్లో క్షమించమని అడిగే అలవాటు లేదు. నీళ్లు ముందు వదులుతారు.

నాయన తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. పార భుజాన వేసుకుని మడి వైపు గబగబా నడిచాడు, నీళ్లు తనకంటే ముందు చేరిపోతాయేమో అన్నట్టు.

తూము ఎత్తారు. అప్పటికి మేడమ్ కట్ట మీద లేరు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఎండిన కాలవలోకి దిగి నిలబడి ఉన్నారు. "రండమ్మే! నీళ్లు వస్తన్నాయని ఎవురెవురు ఇళ్లు ఖాళీ చేస్తారో ఇప్పుడు చూడాల!" అని కట్ట మీదున్న పిల్లలందరినీ పిలిచారు. నీళ్లు ఎండుటాకులను నెట్టుకుంటూ, నురుగు కట్టుకుంటూ వస్తున్నాయి. వాటి ముందు చీమలు, కీచురాళ్లు, సాలీళ్లు పరుగెత్తుతున్నాయి. వాటి కోసం గోరింకలు దిగాయి. నీళ్లు ఆగి ఒక గుంత నింపుకుంటే మేడమ్ కూడా ఆగారు. కదిలితే కదిలారు. చివరి మలుపు దగ్గర ఆమె నీళ్ల వైపు తిరిగారు. నీళ్లు మడిలోకి మళ్లేట్టు మడవ తెరిచి, పార ఆనించి, నాయన ఎదురుచూస్తున్నాడు. మేడమ్ రెండు చేతులూ ముందుకు చాచి, తప్పటడుగులు వేసే బిడ్డను పిలిచినట్టు పిలుస్తూ, నవ్వుతూ, వెనక్కి వెనక్కి నడుస్తూ, నీళ్లను మా మడిదాకా తీసుకొచ్చారు.