అక్క ఎక్కిన స్వరం
కేసముద్రంలో ఉన్నప్పుడు నేనూ అక్కా ఒక విదేశీ రాక్ బ్యాండ్ క్యాసెట్‌ను అరిగిపోయేదాకా విన్నాం. అందులో ఒక పాట చివర గాయకుడు గొంతు చించుకుని పైకెక్కే చోట, చర్చిలో పాడే అక్క అతనితో సమానంగా ఎక్కేది. నా గొంతు కీచుమనేది.

"నీకు గా స్వరం అందదురా," అని అక్క పడిపడి నవ్వేది.

జుట్టు నెరిసిన ఆ బ్యాండే ఈ ఏడు కొత్త ఆల్బమ్ తెచ్చింది. గాయకుడు ఒక్క పాటలోనూ పైకి పోలేదు. నాకు ఒళ్లు మండింది. ఇదేం రాక్, జోలపాటలా ఉందని తిట్టుకున్నాను. రెండోసారి వింటూ ఒక పాటకు గొంతు కలిపితే, చివరిదాకా అందింది.

భూపాలపల్లిలో నర్సుగా పనిచేస్తున్న అక్కకు ఫోన్ చేసి, ఆ పాట పెట్టి, దాంతోపాటే పాడాను.

"మంచిగ పాడినవ్‌రా," అంది.

అక్క అప్పటిలా పడిపడి నవ్వుతుందేమోనని చాలాసేపు ఫోన్ పెట్టేయలేదు.