తాగని మనిషి తడబాటు

1936 నాటికి ఏలూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నేను నర్సుగా చేరి పన్నెండేళ్ళయింది. కొల్లేటి పల్లెల నుంచి జ్వరాలవాళ్ళు, మిల్లుల్లో చేతులు నలిగినవాళ్ళు, తాగి కొట్టుకుని తలలు పగలగొట్టుకున్నవాళ్ళు అందరూ మా దగ్గరికే వచ్చేవారు. తాగినవాణ్ణి గుమ్మంలోనే పోల్చేస్తానని నాకు మహా గర్వం. ఆ గర్వం ఒక మనిషిని ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆశీర్వాదంగారిది మా చర్చి సంఘమే. పెద్ద యుద్ధంలో పటాలానికి వెళ్ళి, అక్కడ దొరల దగ్గర బాక్సింగ్ నేర్చుకుని వచ్చారు. బడిలో డ్రిల్లు మాస్టరు. సెలవుల్లో తిరునాళ్ళ డేరాల్లో ఆడేవారు. నలభై అయిదేళ్ళు వచ్చినా మానలేదు. కొట్టడం కంటే దెబ్బ కాచుకోవడమే గొప్పని ఆయన అనుకునేవారు గానీ, ఆ కాచుకున్నవన్నీ తలమీదేనని మాకెవరికీ తట్టలేదు.

ఆ వేసవిలో ఒక ఆదివారం ఆయన ఆరాధనకు తూలుతూ వచ్చారు. పాటల పుస్తకం రెండుసార్లు జారవిడిచారు. మాట ముద్దముద్దగా వచ్చింది. మా సంఘంలో నెలనెలా ప్రభు భోజనానికి ముందు వారం సభ జరిగేది. తప్పు చేసినవాళ్ళ సంగతి అక్కడ నలుగురిలో చెప్పాలి, రుజువైతే వాళ్ళను ఆ భోజనంలోని రొట్టెకూ ద్రాక్షరసం పాత్రకూ దూరంగా ఉంచుతారు. ఎవరో ఆశీర్వాదంగారి పేరెత్తారు. "తాగినవాళ్ళని రోజూ చూసేదాన్నండి, నాకు తెలీదాండి?" అని నేనే లేచి నిలబడి చెప్పాను. ఆయన "లేదండి, లేదండి" అంటూనే ఉన్నారు. ఆ మాట కూడా తడబడింది. ఇంకేం కావాలి! ఆయన్ని దూరం పెట్టారు. దగ్గరికి వెళ్ళి నోటి వాసన చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

రెండు నెలలకు, ఒక గురువారం ఉదయం, కనుబొమ్మ చిట్లి ఆసుపత్రికి వచ్చారు. గాయం కడగడానికి ముఖంలో ముఖం పెట్టి వంగాను. వేపపుల్ల వాసన తప్ప ఏమీ లేదు. కట్టు కడుతుండగా "ఇవాళేం వారమండి?" అని మూడుసార్లు అడిగారు. వెంటనే డాక్టరుగారిని పిలిచాను.

డాక్టరుగారు ఆయన్ని కళ్ళు మూయించి, పాదాలు దగ్గరగా పెట్టించి నిలబెట్టారు. పక్కకు ఒరిగిపోయారు. గెయిట్, అంటే నడిచే తీరు, చూశారు. ఎడమకాలు ఈడుస్తోంది. ఏళ్ళ తరబడి తలకు దెబ్బలు తిన్న బాక్సర్లకు మెదడు ఇలా చెడుతుందని, దాన్ని పంచ్ డ్రంక్, అంటే దెబ్బలతోనే తాగినట్టు తూలడం, అంటారని, ఇంగ్లీషు పత్రికలో ఈమధ్యే చదివానన్నారు. మందు లేదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే.

"ఇంక తలమీద ఒక్క దెబ్బ కూడా పడకూడదు, తెలిసిందా?"

"వచ్చే వారం శనివారం తాడేపల్లిగూడెంలో ఆటుందండి," అన్నారు ఆశీర్వాదంగారు.

వరండాలోకి తీసుకెళ్ళి గట్టిగా కేకలేశాను. "ఎందుకండీ ఈ వయసులో? చస్తారండీ!"

"మనోళ్ళంతా చూడ్డానికొస్తున్నారండి. తాగుబోతోడు మూడు రౌండ్లు నిలబడగలడాండి? అప్పుడు నమ్ముతారు కదండి."

నాకు సిగ్గేసింది. "పొరపాటు నాదండి. నేను చెప్తానండి," అన్నాను.

"మీరు ఆదివారం నలుగురిలో ఓ మాట చెప్పండి, నర్సమ్మగారు. చాలండి. ఆట మానేస్తానండి."

అది తాగుడు కాదు, జబ్బేనని డాక్టరుగారి చేత కాగితం రాయించాను. దాన్ని నలుగురిలో చదవాల్సింది. అందరి ముందూ నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలంటే మనసొప్పలేదు. శుక్రవారం పాస్టరుగారి ఇంటికి వెళ్ళి చేతిలో పెట్టాను. "వచ్చే నెల సభలో పెడదామమ్మా," అన్నారాయన. సరేనన్నాను. నా బరువు దిగిందనుకున్నాను కూడా.

ఆదివారం ఆశీర్వాదంగారు తలుపు దగ్గర కూర్చున్నారు. ప్రకటనలు చదువుతున్నంతసేపూ ఆడవాళ్ళ వైపు, నా వైపే చూస్తున్నారు. నేను కొంగు సర్దుకుంటూ తలవంచుకున్నాను. ఆఖరి పాట పాడకుండానే ఆయన లేచి వెళ్ళిపోయారు.

శనివారం ఆయన మూడు రౌండ్లూ నిలబడ్డారట. చూసి వచ్చినవాళ్ళే చెప్పారు. డేరా అంతా చప్పట్లట. తిరుగు రైల్లో భార్య సంతోషమ్మగారిని "మీది ఏ ఊరండి?" అని అడిగారట.

మరుసటి నెల సభలో పాస్టరుగారు కాగితం చదివారు. అప్పుడు లేచాను, చెప్పాను, ఏడ్చాను. సంఘం ఆయన్ని తిరిగి చేర్చుకుంది. ప్రభు భోజనం నాటి ఆదివారం సంతోషమ్మగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. అరచేతిలో పెట్టిన రొట్టెముక్కను ఆయన చాలాసేపు చూసి, "ఇది ఎవరిదండి?" అని మర్యాదగా అడిగారు.

"మీదేనండి," అన్నాను. ఆయన నమ్మలేదు. జాగ్రత్తగా నా చేతిలో పెట్టేశారు.

ఆ తరువాత ఇరవై ఏళ్ళు నర్సుగా చేశాను. తూలుతూ వచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని ముందు అడిగేదాన్ని. అది పుస్తకాల్లో కూడా ఉంటుంది. ఆశీర్వాదంగారు నేర్పింది వేరు. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే, ఆ మనిషికి అర్థమయ్యే రోజు ఉండగానే వెనక్కి తీసుకోవాలి. నాకు తొమ్మిది రోజులు గడువిచ్చారాయన.