దుబాసీ తాలింపు

అయ్యలారా, అమ్మలారా, ముందే చెప్పేస్తున్నాను. ఒక వరిచేను, పస్తులున్న ఒక జపాను పెద్దమనిషి, గిన్నెడు సేమ్యా, వీటన్నిటినీ ఒంటి చేత్తో ముంచబోయిన ఒక దుబాసీ కథ ఇది. ఆ దుబాసీని నేనే. తింటూ చదివే అలవాటున్నవాళ్ళు కాస్త చెయ్యి కడుక్కుని రండి. పొలమారితే నా పూచీ లేదు.

అరవైల మొదట్లో మాట. అల్లూరు పక్కన, సముద్రపు హోరు వినబడే ఒక ఊళ్ళో నేను గ్రామసేవక్‌ని. నా పనల్లా రైతుల వెంటపడి జపాను పద్ధతి వరిసాగు గురించి చెప్పడం. నారు పలచగా పొయ్యండి, తాడు పట్టి వరసల్లో నాటండి, వరసల మధ్య కలుపు తియ్యండి అని. జపానును పటంలో చూశానే గాని, జపాను మనిషిని చూసిన పాపాన పోలేదు. అయినా అక్కడే పుట్టి పెరిగి, నిన్న రాత్రి రైలుకు కావలిలో దిగినవాడిలాగా మాట్లాడేవాణ్ణి.

నా మాట నమ్మింది ఊరంతటికీ ఒక్క పెంచలయ్య. కాలవ కింద ఎకరంలో నేను చెప్పినట్లే నాట్లు వేయించాడు. పలచటి నాట్లు చూసి ఊరు ఊరంతా నవ్వింది. కోటయ్య మామ అనే ముసలాయన అయితే రోజూ గట్టు మీద నిలబడి, "ఏం పెంచలా, చేనుకు గుండు గీయించినావే! ఏ కొండకు మొక్కుకున్నావు?" అని అడిగిపోయేవాడు.

పెంచలయ్యకు ముద్ద దిగడం మానేసింది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "సేవకయ్యా, నీ మాట మీద దిగినాను. ఈ చేను పోతే నేను ఊళ్ళో తలెత్తుకుని తిరగలేను. ఇప్పుడే దున్నేసి మామూలుగా నాటుకుంటా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. జపాను నుంచి వరి తెలిసిన పెద్దాయన ఒకడు వస్తున్నాడు, పైరు పిలకలు వేసేదాకా మా ఊళ్ళోనే ఉండి, చేను మంచిచెడ్డలు చెబుతాడని.

"ఆయన వచ్చి చూసేదాకా ఆగన్నా" అన్నాను.

"పేరేంది ఆయనది?"

"తనాకా."

పెంచలయ్య ముఖం మాడిపోయింది. "తనఖానా? వొద్దు సామీ! చేను ఎండినా ఎండనీ గానీ, తనఖా పెట్టేదానికి మాత్రం నేనొప్పను!"

అది పేరని నచ్చజెప్పేసరికి నా తాతలు దిగివచ్చారు. ఆ రోజే నేను గ్రహించి ఉండాల్సింది, ఈ వ్యవహారమంతా మాటల దగ్గరే మునుగుతుందని. గ్రహించలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త దుబాసీ భాషెరగడు.

తనాకా గారు వచ్చారు. పెంచలయ్య ఇంట్లోనే మకాం. ఆ మనిషిని ఎంత పొగిడినా తక్కువే. తెల్లారేసరికి లాగు మోకాళ్ళ పైకి మడిచి బురదలో దిగేవాడు. వంగిన మొక్కను పసిబిడ్డ మెడ కింద చెయ్యి పెట్టినట్లు లేపి నిలబెట్టేవాడు. సాయంత్రం పార కడిగి, తుడిచి, గోడకు ఆనించి, దానికి చిన్న దండం పెట్టి గాని లోపలికి వచ్చేవాడు కాదు. మా మధ్య నడిచింది ఇంగ్లీషే. ఆయనకు వచ్చింది గుప్పెడు, నాకు వచ్చింది దోసెడు, అందులో కలిసిన మాటలు చిటికెడు.

చిక్కల్లా తిండి దగ్గర వచ్చింది. పెంచలయ్య భార్య కామాక్షమ్మక్క వంటంటే చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. మొదటి పూటే మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టింది. తనాకా గారు ఒక ముద్ద తిన్నాడు. ముఖం ఎర్రబడింది, చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది. లేచి నిలబడి ఆమెకు వంగి దండం పెట్టి, మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. ఆనాటి నుంచి ఆయన ఆహారం మజ్జిగన్నం, అరటిపండు. మనిషి చిక్కిపోయాడు. నడుము పట్టీకి పెంచలయ్య మేకుతో కొత్త బెజ్జాలు పొడిచి ఇవ్వాల్సి వచ్చింది.

ఒక ఉదయం ఆయన తల వంచుకుని, "సారీ. టుమారో మద్రాస్" అన్నాడు.

కామాక్షమ్మక్క గుమ్మంలో కూలబడింది. "నా ఇంటికొచ్చిన మనిషి కడుపు మాడి ఎళ్ళిపోతా ఉండాడే! ఇంతకన్నా తలవంపులు ఏముండాయి అబ్బయా?"

పెంచలయ్య కొట్టంలోకి పోయి నాగలి బయటికి తీశాడు. ఆ నాగలి ఎందుకో నాకు వేరే చెప్పక్కరలేదు.

నేను తనాకా గారి దగ్గరికి పరిగెత్తి, "వాట్ యూ ఈట్? టెల్! ఐ కుక్!" అన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. పెట్టె తెరిచి, కాగితపు పట్టీ చుట్టిన తెల్లటి దారాల కట్ట ఒకటి, నల్లటి నీళ్ళ సీసా ఒకటి తీశాడు. ఆ దారాల పేరు సోమెన్ అట. కామాక్షమ్మక్క చూసి, "ఇది మన సేమ్యాకు చిన్నాయన కూతురే" అంది. సీసా మూత తీసి వాసన చూసిన పెంచలయ్య, "కీళ్ళనొప్పుల కషాయమా?" అన్నాడు. కాదు, ఉప్పటి సోయా పులుసు.

తనాకా గారు చేతులతో వంట నేర్పాడు. "హాట్ వాటర్. లిటిల్. కోల్డ్ వాటర్. గ్రీన్, గ్రీన్. ఫినిష్." అంతలో చూరుకు వేలాడుతున్న ఎండు నెత్తళ్ళ బుట్ట కనబడింది. ఆ చిన్న చేపల్ని చూసి ఆయన తన ఊరివాళ్ళు ఎదురుపడ్డట్టు సంతోషపడ్డాడు. వాటిని మరగబెట్టి ఆ నీళ్ళు వంచమని సైగ చేశాడు. జపానులోనూ పులుసుకు నీళ్ళు ఇట్లా చేపలు మరగబెట్టే తీస్తారట.

"నువ్వు తప్పుకో అక్కా" అన్నాను పొయ్యి ముందు కూర్చుంటూ. "ఇది జపాను పద్ధతి. దీనికి ట్రైనింగు కావాల."

"ఉప్పు, కారం లేకుండా ఇదేం తిండి అబ్బయా? జొరమొచ్చినోడికి కూడా ఇంతకన్నా రుచిగా పెడతామే!"

"గమ్మునుండక్కా."

దొడ్లోంచి ఉల్లికాడలు, పొన్నగంటి చిగుళ్ళు, లేత గోరుచిక్కుళ్ళు తెచ్చి, మరిగే నీళ్ళలో అట్లా ముంచి ఇట్లా తీశాను. నారుమడిలాంటి వాటి పచ్చరంగు ఏమాత్రం చెడలేదు. సోమెన్ ఉడికించి, కుండనీళ్ళలో కడిగి చల్లార్చాను. నెత్తళ్ళ నీళ్ళలో నల్లపులుసు నాలుగు చుక్కలు వేసి, ఆ తెల్లటి దారాల మీద పోసి, పైన ఆకుపచ్చలు పరిచాను. నిజం చెప్పాలంటే ఆ వంట చాలా బాగా కుదిరింది. నా ఖర్మ కాలింది అక్కడే.

తనాకా గారు గిన్నె ఎత్తి జుర్రుమని ఒక్క పీల్పు పీల్చాడు. కళ్ళు మూసుకున్నాడు. గట్టిగా అన్నాడు.

"ఓయ్‌షీ!"

మేం ముగ్గురం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం.

"ఏమన్నాడు?" అన్నాడు పెంచలయ్య.

"ఓయ్... ఛీ... అన్నాడన్నా."

"ఓయ్ అంటే?"

"మనల్నే పిలిచినాడు."

"ఛీ అంటే?"

"ఛీ అంటే ఛీనే అన్నా! అన్నం, నీళ్ళు ఒక్కో భాషలో ఒక్కోటి గానీ, ఛీ మాత్రం లోకమంతా ఒకటే!" అన్నాను. ఇంత గొప్ప భాషాశాస్త్రం నా తర్వాత ఎవరూ చెప్పినట్లు లేదు.

అయినా దుబాసీ అన్నవాడు రూఢి చేసుకోవాలి గదా! గిన్నె వైపు వేలు చూపించి, ముఖం చిట్లించి, "ఛీ?" అని అడిగాను.

ఆయనకు నా ముఖం పట్టలేదు, మాట మాత్రం పట్టింది. ఓహో, తెలుగులో దీన్ని ఇట్లా అంటారు కాబోలు అనుకున్నాడు. నోటినిండా నవ్వి, "ఛీ! ఛీ! వెరీ ఛీ!" అన్నాడు.

ఇంకేముంది! గిన్నె ఆయన చేతిలోంచి లాక్కున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అమ్మను మించినవాణ్ణి, అడక్కుండానే పెట్టాను. నూనె కాచి ఆవాలు, వెల్లుల్లి, ఇంగువ, చేతికందినన్ని ఎండుమిరపకాయలు వేసి చుయ్యిమని తాలింపు వేశాను. కోళ్ళు కూడా తుమ్మాయి. గిన్నె తిరిగి చేతికిస్తే తనాకా గారు అందులోకి కాసేపు చూశాడు. ఎంత మర్యాదస్థుడంటే, తిన్నాడు. కన్నీళ్ళు కారుతుండగా, నన్ను నొప్పించడం ఇష్టంలేక, సన్నగా, "ఓయ్‌షీ" అన్నాడు.

"ఇంకా ఛీనేనంటన్నా!"

"గోంగూర పచ్చడి ఎయ్యి! దానికి లొంగని నాలుక యాడుంది?" అన్నాడు పెంచలయ్య.

వేశాను. అది రెండు పీల్పులు పీల్చిన తనాకా గారు ఒక్క ఉదుటున లేచి, దొడ్లో ఎద్దుల తొట్టి దగ్గరికి పరిగెత్తి, కళ్ళద్దాలతో సహా తల ముంచాడు. పక్కనే నీళ్ళు తాగుతున్న ఎద్దు మర్యాదగా జరిగి చోటిచ్చింది.

తల ఎత్తి, నీళ్ళోడుతూ వంటింట్లోకి వచ్చాడు. అక్కడ బేసిన్‌లో, నా తాలింపు సోకని మిగతా సోమెన్ చల్లగా కూర్చుని ఉంది. ఆయన దాని పక్కన చతికిలబడ్డాడు. నెత్తళ్ళ నీళ్ళు పోసుకుని, ఉల్లికాడలు వేసుకుని తినడం మొదలుపెట్టాడు. ప్రతి పీల్పుకూ "ఓయ్‌షీ" అన్నాడు. గిన్నె ఎత్తి అడుగున నీళ్ళు కూడా తాగి, మళ్ళీ "ఓయ్‌షీ" అన్నాడు.

కామాక్షమ్మక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఒరే దుబాసీ! ఛీ అనేవోడు గిన్నె నాకతాడంట్రా?"

నా తల తిరిగింది. ఓయ్‌షీ అంటే అమోఘం! బాగుందన్న ప్రతిసారీ ఆ మహానుభావుడి నోట్లో నిప్పులు పోశాను. కాళ్ళ మీద పడబోతే ఆయన నాకన్నా ముందు వంగి నాకే దండం పెట్టాడు. అంత మనసున్న మనిషిని మళ్ళీ చూడలేదు.

మద్రాసు ప్రయాణం ఆగింది. నాగలి కొట్టంలోకి పోయింది. సోమెన్ అయిపోయాక కామాక్షమ్మక్క సన్నగా సేమ్యా చేసి, రోజుకో ఆకుకూరతో అదే తీరున వండిపెట్టింది. ఆయన బుగ్గలు నిండాయి. ఓయ్‌షీ అంటే ఏమిటో ఊరందరికీ చాటి చెప్పాను. కానీ ముడికి రెండు కొసలుంటాయని మరిచాను. ఆయనకు తెలుగులో ఛీ అంటే ఏమిటో చెప్పలేదు!

చూస్తుండగా పైరు పిలకలు వేసింది. చేను మీద తీర్పు చెప్పే రోజు ఊరంతా గట్ల మీద చేరింది. కోటయ్య మామ ముందు వరసలో చుట్ట వెలిగించుకుని నిలబడ్డాడు. తనాకా గారు చేనంతా తిరిగాడు. ఒక దుబ్బును రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. పెంచలయ్య ముందుకొచ్చి నడుము దాకా వంగి, ఇంత మంచి మాట తెలుగులోనే చెప్పాలని ముచ్చటపడి, ఊరంతా వినేటట్లు అన్నాడు.

"పెంచరయ్య గారూ! మీ చేను... ఛీ! వెరీ వెరీ ఛీ!"

పెంచలయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"విన్నారా?" అన్నాడు కోటయ్య మామ. "జపానోడే ఛీ కొట్టినాడు!"

"కాదు మామా! ఛీ అంటే బాగుందని!" అని అరిచాను.

"అట్నా? అయితే నీ మొఖం ఛీ, నీ చదువు ఛీ, నీ సేవ ఛీ!"

ఊరు ఘొల్లుమంది. పెంచలయ్య తలగుడ్డ తీసి భుజాన వేసుకుని ఇంటి వైపు తిరిగాడు. అప్పుడు కామాక్షమ్మక్క జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చేతిలో మధ్యాహ్నానికి తెచ్చిన సేమ్యా గిన్నె. దాన్ని తనాకా గారి చేతికిచ్చింది. ఆయన జుర్రున పీల్చి, కళ్ళు మూసుకుని, "ఛీ! వెరీ ఛీ!" అంటూ గిన్నె ఖాళీ చేసి, ఇంకా కావాలని ముందుకు చాపాడు.

"సూసినారు గదా!" అంది ఆమె ఊరి వైపు తిరిగి. "ఆయన ఛీ అన్నదాన్ని ఇట్టా ఊడ్చిపెడతాడు. ఇంక చేను సంగతి మీరే ఆలోచించుకోండి."

కోటయ్య మామ చుట్ట ఆరిపోయింది. చెయ్యి చాచి, "నాకూ రవ్వంత పెట్టమ్మా" అన్నాడు. తిని, మూతి తుడుచుకుని, ఎటో చూస్తూ, "ఛీనే" అన్నాడు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఛీ కొట్టిన చేను ఇంకా బాగా పండుతుందని ఆ ఏడు మా ఊరు చూసింది. కుప్ప నూర్చిన రోజు పెంచలయ్య దోసెడు కొత్త వడ్లు తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు.

"ఏమంటావు సేవకయ్యా?"

"ఛీ అన్నా" అన్నాను. ఆయన నన్ను వాటేసుకున్నాడు, వడ్లన్నీ మా ఇద్దరి కాళ్ళ మీద పడ్డాయి.

ఆ తర్వాత నాకు పెళ్ళయింది. కొత్త కాపురంలో మా ఆవిడ మొదటిసారి బీరకాయ కూర చేసి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "ఎట్లా ఉందండీ?" అంది. అమృతంలా ఉంది. పాత అలవాటు కొద్దీ, మనస్ఫూర్తిగా, ఆ ఒక్క మాటా అనేశాను.

ఆ పూట గిన్నె నా ముందు నుంచి లేచిపోయింది. కనుక అల్లూరు వరిచేల మీద, ఎండు నెత్తళ్ళ మీద, మర్యాదగా చోటిచ్చిన ఆ ఎద్దు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకపై ఒకరి గిన్నెలో అడగని తాలింపు వెయ్యను, ఒకరి మాటకు తెలియని అర్థం చెప్పను. ఇంట్లో ఏది ఎంత బాగున్నా, నోరు మూసుకుని రెండోసారి వడ్డించుకుంటాను.