ఏడేళ్లు వెనకున్న దేశం

నా చిన్నప్పుడు తెనాలిలో మా వీధిలో ఎవరికి ఏ తేదీ కావాల్సివచ్చినా మా ఇంటికే వచ్చేవారు. ఎవరి గేదె ఎప్పుడు ఈనింది, వీధి కుళాయి ఎప్పుడు వేశారు, ఏ పిల్లకు టీకా ఎప్పుడు పొడిచారు, అన్నీ నా నోటుపుస్తకంలో ఉండేవి. నాకు ఊహ తెలియకముందు సంగతులు మా తాతయ్యను అడిగి రాసుకునేదాన్ని, రాసినదాన్ని మళ్లీ ఇంకొకరి దగ్గర సరిచూసుకునేదాన్ని. మనుషులు నోటితో చెప్పే తేదీలను నమ్మకూడదని నాకు పదేళ్లకే తెలుసు. ముందు అనుమానించడం, తర్వాత తీసివేత చేయడం నా పద్ధతి. ఆ పద్ధతితోనే, పన్నెండేళ్లు నిండిన ఏడు, ఒక పెద్దమనిషి ఉద్యోగం పోగొట్టినంత పని చేశాను.

ఆయన మా పక్కింటి మాస్టారు. 1969 సెప్టెంబరులో భార్యతో కలిసి ఇథియోపియా వెళ్లారు, అక్కడి పిల్లలకు లెక్కలు చెప్పడానికి. ఆ రోజుల్లో మనవైపు నుంచి చాలామంది పంతుళ్లు ఆ దేశం వెళ్లేవారు. 1975 ఏప్రిల్లో ఇద్దరూ రెండు ట్రంకుపెట్టెలతో తిరిగి వచ్చేశారు. అక్కడ చక్రవర్తిని దించేసి సైనికులు రాజ్యం పట్టారనీ, పెద్ద తరగతుల పిల్లలను పల్లెల్లో పనులకు పంపించి బళ్లు మూసేశారనీ, చెప్పించుకునేవాళ్లు లేక పంతుళ్లు ఇళ్లకు చేరారనీ అన్నారు. మాస్టారి భార్యను నేను పిన్నిగారు అని పిలిచేదాన్ని.

మా నాన్న రేపల్లెలో ఒక బడికి హెడ్ క్లర్కు. రోజూ పాసింజరులో వెళ్లివచ్చేవారు. ఆ జూన్‌లో ఆ బడిలో లెక్కల మాస్టారి పోస్టు ఖాళీ అయింది. మాస్టారు దరఖాస్తు పెట్టుకున్నారు. తెచ్చుకున్నది అయిపోవస్తోంది, వేరే ఆధారం లేదు. దరఖాస్తులన్నీ నాన్న ఇంటికి తెచ్చి, నా దస్తూరి బాగుంటుందని జాబితా నకలు రాసే పని నాకిచ్చారు. అలా మాస్టారి సర్వీసు సర్టిఫికెట్ నా చేతికి వచ్చింది. టైపు కొట్టిన కాగితం, కింద గుండ్రటి ముద్ర. ఆయన ఆ దేశంలో 1962 మొదటి నెల నుంచి 1967 ఎనిమిదో నెల వరకు పనిచేసినట్టుంది. ఒక్కో సంవత్సరం పక్కన ఏవో రెండు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. ఎవరో గుమాస్తా పొడి సంతకమనుకుని వాటిని నకల్లో వదిలేశాను.

నోటుపుస్తకం తెరిచాను. 1967 జులైలో మా తమ్ముడు పుట్టాడు. ఆ రోజు వానలో మోకాలి లోతు నీళ్లలో నడిచివెళ్లి అమ్మ కోసం రిక్షా తెచ్చింది ఈ మాస్టారే. మరి 1962 నుంచి ఆఫ్రికాలో ఉన్న మనిషి తెనాలిలో రిక్షా ఎలా తెచ్చాడు? చప్పున లేచి నిలబడ్డాను. బాధతో కాదు, గర్వంతో. పట్టుకున్నాను అనుకున్నాను.

ఆ తేడా ఒక చీటీ మీద రాసి నాన్నకిచ్చాను. ఆయన అది చూసి ముఖం చిట్లించారు. "సరిగా చూశావా?" అన్నారు. "రెండుసార్లు చూశాను నాన్నా" అన్నాను. ఆయన ఆ చీటీని దరఖాస్తుకు గుండుసూదితో గుచ్చారు.

అది దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించిన వారం. రేడియో అంతా ప్రశాంతంగా ఉందని చెబుతోంది, మనుషులు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఆ రోజుల్లో ఎవరిమీద అనుమానం పుట్టించడానికైనా చిన్న చీటీ చాలు. శుక్రవారం బడి కమిటీ మాస్టారిని పిలిచి అడిగింది. ఆయన పాస్‌పోర్టు చూపిస్తే అందులో 1969 ముద్ర కనబడింది. సర్టిఫికెట్ చూస్తే 1962. రెండింటిలో ఒకటి దొంగదని అందరికీ రూఢి అయిపోయింది. అక్కడి కేలండరు మనదానికి ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుందని మాస్టారు చెప్పబోతే కమిటీ ప్రెసిడెంటుగారు, "దేశానికి దేశం ఏడేళ్లు వెనకుంటుందా మాస్టారూ? మా రేపల్లె పాసింజరు కూడా అంత లేటు రాదండీ!" అన్నారట. అందరూ నవ్వారట. జాబితాలో రెండో మనిషికి పోస్టు ఇద్దామనుకున్నారు. సోమవారం ఆ ఉత్తర్వు టైపు చేయాల్సింది మా నాన్నే.

శనివారం సాయంత్రం పిన్నిగారు పిట్టగోడ మీద చేతులానించి నన్ను పిలిచారు. "ఏమే, నీ పుస్తకంలో మా పెళ్లెప్పుడయిందో కూడా ఉందా? ఓసారి చూసి చెప్పు. ఇన్నేళ్లూ ఎవరితో కాపురం చేశానో నాకూ అనుమానంగా ఉంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ రాత్రి నోటుపుస్తకం తెరవలేదు. అయినా లోపల ఒక మూల, లెక్క సరైనదే కదా, నా తప్పేముంది అనే ఉంది.

మర్నాడు ఆదివారం, జూన్ 29. మాస్టారు చర్చి నుంచి తిన్నగా మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. నేను లోపలికి జారుకోబోతే, "అమ్మాయ్, నోటుపుస్తకం తెచ్చుకో. చిన్న లెక్క ఉంది" అన్నారు. తర్వాత మా తాతయ్య వైపు తిరిగి, "బాబాయిగారూ, మీ జాతకం కాగితం ఒకసారి ఇప్పిస్తారా?" అని అడిగారు.

"నా జాతకంతో మీకు పనేంటి మాస్టారూ? ఈ వయసులో సంబంధం గానీ చూశారా?" అంటూ తాతయ్య లేచి, పెట్టెలోంచి పసుపు రంగుకు తిరిగిన కాగితం తెచ్చిచ్చారు.

నన్ను చదవమన్నారు. శాలివాహన శకం 1824, శుభకృత్ నామ సంవత్సరం అని ఉంది. ఇప్పుడు 1975 కదా, తీసివెయ్యి అన్నారు. చేశాను. నూట యాభై ఒకటి వచ్చింది.

"మీ తాతయ్య వయసు నూట యాభై ఒకటి. రాసుకో" అన్నారు మాస్టారు.

"కాదండీ, తాతయ్యకు డెబ్బై మూడండీ."

"అయితే ఈ కాగితం దొంగదన్నమాట. బాబాయిగారూ, రేపోమాపో మిమ్మల్ని కూడా కమిటీ పిలుస్తుంది, సిద్ధంగా ఉండండి. ఇంకోటి, ఈ పిల్ల కూడా శుభకృత్‌లోనే పుట్టిందటగా. మీరిద్దరూ ఒక ఈడువాళ్లే!"

తాతయ్య కడుపు పట్టుకుని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. కాగితం మీద నూట యాభై ఒకటి అలాగే ఉంది, తీసివేతలో తప్పులేదు. అయినా అది అబద్ధం. శక సంవత్సరం లెక్క మొదలైన చోటు వేరు, నేను తీసేసిన సంవత్సరం లెక్క మొదలైన చోటు వేరు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. ఏసు పుట్టిన ఏడాదిని ఇథియోపియా పెద్దలు ఒక విధంగా లెక్కగట్టారనీ, రోము పెద్దలు ఇంకో విధంగా లెక్కగట్టారనీ, అందువల్లే ఆ తేడా అనీ చెప్పారు. వాళ్ల కొత్త సంవత్సరం సెప్టెంబరులో వస్తుంది కాబట్టి కొన్ని నెలలు ఏడేళ్లు, కొన్ని నెలలు ఎనిమిదేళ్లు వెనక. నెలలు పదమూడు, చివరి నెలకు ఐదారు రోజులే. "అందులో వింతేముంది? క్రితం ఏడు మనకు రెండు భాద్రపదాలు రాలేదూ!" అన్నారు తాతయ్య. సర్టిఫికెట్ మీద ఆ రెండక్షరాలు ఏంటో అడిగావా అన్నారు మాస్టారు. పొడి సంతకం అనుకున్నానని చెప్పాను. అది వాళ్ల కేలండరు గుర్తు. అంకెలన్నీ జాగ్రత్తగా ఎక్కించి, ఆ అంకెలకు అర్థం చెప్పే రెండక్షరాలనూ వదిలేసింది, తేదీల పిల్ల అని వీధంతా పేరు తెచ్చుకున్న నేను.

నాన్న గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. సోమవారం మొదటి బండికి మాస్టారు, నాన్న, నేను, చేతిసంచిలో తాతయ్య జాతకం.

బండి వేమూరు దాటాక మాస్టారే నెమ్మదిగా అక్కడి సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన పనిచేసిన ఊరు ఉత్తరాన కొండల్లో ఉంది. 1973లో అక్కడ ఘోరమైన కరువు. పత్రికలో మాత్రం కరువన్న మాటే లేదు. మాస్టారికి తెలిసింది హాజరుపట్టీలో. నలభై మంది ఉండాల్సిన తరగతిలో ఒక నెల ముప్ఫై ఒక్కరు, మరుసటి నెల పందొమ్మిది మంది. రాజధానిలో విందులు జరుగుతున్నాయి. మరుసటి ఏడు సైనికులు లేచారు. చక్రవర్తికి విధేయులమనే చెబుతూ ఆయన మంత్రులను ఒక్కొక్కరినే పట్టుకుపోయారు. వాళ్ల కొత్త సంవత్సరం రోజు రాత్రి టీవీలో ఆకలితో చచ్చిపోతున్న జనాన్నీ, రాజభవనం విందులనూ పక్కపక్కన చూపించారు. మర్నాడు పొద్దున, నలభై నాలుగేళ్లు ఏలిన మనిషిని ఒక చిన్న కారు వెనక సీట్లో ఎక్కించి తీసుకుపోయారు. నెత్తుటి చుక్క చిందకుండా మార్పు తెస్తామన్నారు. రెండు నెలలకే పాత అధికారులను అరవై మందిని ఒక్క రాత్రిలో కాల్చేశారు.

"చక్రవర్తి చెడ్డవాడాండీ? సైనికులు మంచివాళ్లా?" అని అడిగాను.

"ఆయన తన పట్టాభిషేకం నుంచి లెక్కపెట్టాడు. చచ్చినవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. వీళ్లేమో తాము వచ్చిన రోజు నుంచి లెక్కపెడుతున్నారు. వీళ్లు చంపినవాళ్లు ఏ లెక్కలోకి వస్తారో చూడాలి. ఎవరేం చెప్పినా రాసుకో అమ్మాయ్. కానీ పక్కన కొంచెం చోటు వదిలెయ్. రేడియో చెప్పిందొకటి ఉంటుంది, హాజరుపట్టీ చెప్పేదొకటి ఉంటుంది."

నాన్న కంగారుగా అటూ ఇటూ చూసి, "మాస్టారూ, కాస్త మెల్లగానండీ, ఎదురుగా మనుషులున్నారు" అన్నారు. రేపల్లెలో దిగి తిన్నగా కమిటీ ప్రెసిడెంటుగారి ఇంటికి వెళ్లాం.

ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నన్ను చూసి, "ఈ బుడతేనా ఆ చీటీ రాసింది?" అన్నారు. అవునండీ అని, తాతయ్య జాతకం ఆయన చేతికిచ్చి, వయసు కట్టమన్నాను. ఆయన వేళ్లమీద కట్టి, నూట యాభై ఒకటని చెప్పి, తన మాటకు తానే ఆగిపోయారు. అప్పుడు కాగితం పరిచి లెక్క వేశాను. పాస్‌పోర్టు ప్రకారం 1969 సెప్టెంబరు నుంచి 1975 ఏప్రిల్ దాకా, కొసలు రెండూ కలిపి, ఐదేళ్ల ఎనిమిది నెలలు. సర్టిఫికెట్ ప్రకారం 1962 మొదటి నెల నుంచి 1967 ఎనిమిదో నెల దాకా, అదీ ఐదేళ్ల ఎనిమిది నెలలే. బయల్దేరిన అంకె వేరు, నడిచిన దూరం ఒకటే. "నా చీటీ తప్పండీ. రెండక్షరాలు వదిలేశాను" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఆ లెక్క మొత్తానికి పట్టినంత సేపు పట్టింది.

ఆయన రెండు కాగితాలూ మార్చి మార్చి చూసి, "హెడ్ క్లర్కుగారూ, ఆ ఉత్తర్వు ఇంకా టైపు చెయ్యలేదుగా? అందులో మాస్టారి పేరు టైపు చెయ్యండి" అన్నారు.

జులై ఒకటిన మాస్టారు చేరారు. పదకొండేళ్లు అక్కడే చెప్పి రిటైరయ్యారు. కానీ ఒక్కటి రాయాలి, రాయకపోతే ఈ లెక్క పూర్తికాదు. ఆ పదకొండేళ్లూ రేపల్లెలో ఆయన్ని "సర్టిఫికెట్ గొడవ మాస్టారు" అనే అనేవారు. గొడవ తీరిన సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఉద్యోగం వెనక్కి తేగలిగాను గానీ, ఆ పేరు తీసెయ్యలేకపోయాను.

ఆ 1975లోనే ఆగస్టు చివర చక్రవర్తి అనారోగ్యంతో చనిపోయాడని సైనిక ప్రభుత్వం ప్రకటించింది. పత్రికలో చిన్న వార్త. తేదీ రాసుకుని, "వాళ్లు చెప్పినది" అని కింద వేసి, పక్కన చోటు వదిలాను. 1991లో ఆ సైనికుల రాజ్యం కూలింది. మరుసటేడు పాత రాజభవనం నేల కింద ఆయన ఎముకలు దొరికాయని పత్రికలో చదివాను. అనారోగ్యంతో పోయినవాణ్ని నేల కింద దాచాల్సిన పనేంటి? నోటుపుస్తకం పట్టుకుని తెనాలి వెళ్లాను. మాస్టారికి అప్పటికి చూపు మందగించింది. వార్త చదివి వినిపిస్తే, ఆయన అడిగింది ఒక్కటే. "ఆ పేజీలో చోటుందా?" ఉందని చెప్పి, పదిహేడేళ్ల తర్వాత రెండో వరుస ఆయన ఎదుటే రాశాను.

నేను బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో సర్టిఫికెట్లు సరిచూసే సెక్షన్‌లోనే ఉద్యోగమంతా చేశాను. దొంగ కాగితాలు చాలా పట్టుకున్నాను. అనుమానం మానలేదు, మానమని మాస్టారు చెప్పనూ లేదు. కాకపోతే ఏ కాగితాన్నైనా పక్కన పెట్టేముందు, తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి అడిగేదాన్ని. ఈ లెక్క ఎక్కడి నుంచి మొదలైందండీ అని.

ఇథియోపియా వార్త ఎక్కడ కనబడినా ఇప్పటికీ చదువుతాను. 2018లో యువకుడైన ప్రధాని వచ్చి ఖైదీలను వదిలితే, పొరుగుదేశంతో సంధి చేసుకుంటే, మరుసటేడు శాంతి బహుమతి అందుకుంటే, అన్నీ రాసుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు, నేను పక్కన చోటు వదిలాను. 2020 నవంబరులో ఆ దేశం ఉత్తరాన యుద్ధం మొదలైంది. తమ సైనిక శిబిరం మీద దాడి జరిగిన రోజు నుంచి ప్రభుత్వం లెక్కపెట్టింది. ఉత్తరంవాళ్లు అంతకు ముందు నుంచే లెక్కపెట్టారు. ఎవరి తేదీ వాళ్లకు నిజమే. 2022లో సంధి కుదిరిందన్నారు, అదీ రాశాను. మాస్టారి తరగతిలో పలచబడిన ఆ బెంచీలు ఆ కొండల్లోనివే. ఈసారి హాజరుపట్టీలో ఎంతమంది మిగిలారో నాకింకా ఎవరూ చెప్పలేదు.

నా వయసువాళ్లు జపమాల తిప్పుతారు, నేను తేదీలు రాస్తాను. ఏ తేదీ రాసినా దాని పక్కన రెండక్షరాలు పట్టేంత చోటు ఖాళీగా వదులుతాను. మా మనవరాలు చూసి, "ఎందుకు అమ్మమ్మా, కాగితం దండగ?" అంటుంది. అది ఒక మాస్టారి చోటు అని చెబుతాను.