మేడం గుండెల మీద నేను గుచ్చిన నీలం పతకం

శనివారం ఉదయం పది దాటాక, డబ్లిన్‌కు పడమటనున్న అత్లోన్‌లో గాల్వే రైలెక్కాను. సరదా ప్రయాణం కాదు. నేను కేరర్‌గా పనిచేసే వృద్ధాశ్రమంలో మూడు వారాల కిందట మదలీన్ మేడం పోయారు. ఫ్రాన్స్‌లో పుట్టి, ఇక్కడి బడిలో ఏళ్ళ తరబడి ఫ్రెంచి చెప్పిన మనిషి. ఆవిడ కూతురు నోరా గురువారం ఫోన్ చేసి, అమ్మ సామాన్లలో ఒక ఫోటో దొరికిందనీ, అందులో అమ్మ గుండెల మీదున్న పతకం ఎవరు పెట్టారనీ అడిగింది. నేనే పెట్టానన్నాను. ఒకసారి ఇంటికి రమ్మని పెట్టేసింది.

నేను చేసిన ఘనకార్యం ఇదీ. మేడం తొంభయ్యో పుట్టినరోజున బట్టలు సర్దుతుంటే, అల్మరాలో నీలం రిబ్బను పతకం కనబడింది. ఫ్రాన్స్ ప్రభుత్వ బిరుదట. ఇంకేం, మా గుంటూరు చర్చి వార్షికోత్సవంలో పెద్దలకు చేసినట్టే శాలువా కప్పి, దండ వేసి, పతకం గుచ్చి, అందరి చేతా చప్పట్లు కొట్టించాను. సన్మానమంటే మనకు అంతే కదా.

రైల్లో మా ఆయనతో ఫోన్లో మాట్లాడుతుంటే విని, ఎదురు సీటు అమ్మాయి ఆంటీ అంటూ పలకరించింది. పేరు స్వాతి, వరంగల్ పిల్ల, గాల్వేలో ఎం.ఎస్. చదువుతోంది. నా డబ్బాలో పులిహోర ఇద్దరం పంచుకున్నాం. నా గోడు విని ఆ బిరుదు చరిత్ర ఫోన్లో వెతికి చదివింది. 1963లో పెట్టారట. అంతకుముందు తపాలాకొకటి, వర్తకానికొకటి అంటూ ఏ శాఖ బిరుదు ఆ శాఖే ఇచ్చుకునేదట. వాటిలో చాలావాటిని ఎత్తేసి ఇది తెచ్చారట. పైగా పతకం ప్రభుత్వం ఇవ్వదు, బిరుదొచ్చినవాళ్ళే కొనుక్కోవాలి. నోరెళ్ళబెట్టాను. మా ఊళ్ళో శాలువా అయినా సన్మానం చేసేవాళ్ళే తెస్తారు.

"ఆంటీ, అసలుది ఇంకోటున్నది," అంది స్వాతి మెల్లగా. "బిరుదున్న పెద్దోళ్ళే వచ్చి, అధ్యక్షుని పేరు మీద మాట చెప్పి గుచ్చాలంట. అప్పటిదాంక పెట్టుకునేతందుకు లేదంట."

పులిహోర డబ్బా మూసేశాను. ఎవరో దొరలు చెయ్యాల్సిన పని నా చేత్తో చేసేశానా? నోరా మేనేజరుకు ఫిర్యాదు చేస్తే నా ఉద్యోగం గతేమిటి? అది పోతే పోయింది, పోయిన మనిషికి అపచారం చేశానేమో.

పదకొండున్నరకు గాల్వేలో దిగితే ఒకటే వాన. సముద్రపొడ్డునున్న సాల్ట్‌హిల్‌కు బస్సెక్కి నోరా ఇల్లు పట్టుకున్నాను. ఆవిడకు అరవయ్యేళ్ళుంటాయి. టీ ఇచ్చి, ఫోటో నా ముందు పెట్టి కూర్చుంది. నేను క్షమాపణ మొదలెట్టేలోపే ఆపేసింది.

"పతకం పెట్టడానికి డబ్లిన్ నుంచి ఒక పెద్దాయన వస్తానన్నారు. నేను పక్కనుంటేనే అని అమ్మ పట్టు. తీరిక లేదని ఏళ్ళకేళ్ళు వాయిదా వేశాను. చివరికి ఆయనే పోయారు. నేను అమ్మను చూడ్డానికి రావడం కూడా మానేశాను."

తిట్లకు సిద్ధపడి వెళ్ళాను గానీ దీనికి కాదు.

"ఆరోజు అమ్మ ఏమైనా అందా?" అని అడిగింది.

"నవ్వుతూనే ఉన్నారు. చాలా సంతోషించారు," అన్నాను. నోరా నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

మూడింటి బండికి తిరుగుముఖం పట్టాను. గాల్వే వెళ్ళేవాళ్ళు గొడుగు మరవకండి. సముద్రం అంత దగ్గరకెళ్ళీ నేను చూడనేలేదు. ఉద్యోగానికి ఢోకా లేదు, ఫిర్యాదూ లేదు. కానీ అత్లోన్ వచ్చేదాకా నోరాకు చెప్పకుండా దాచిందే గుర్తొస్తూ ఉంది. ఆరోజు పతకం గుచ్చగానే, చప్పట్లు కొట్టేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసి, మేడం నన్ను అడిగింది ఒక్కటే మాట: "నోరా వచ్చిందా?"